ఎకరం అమ్మి ఆరో తరగతిలో చేర్చాలా?

హాలియా దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు తీసేసి కొంచెం కుదించాను.

"అక్కా, నేను ప్రభుత్వ బడిలో ఎస్జీటీ టీచర్‌ని. చేతికి 58 వేలు వస్తుంది. మా ఆయన సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల్లో వరి వేస్తాడు. పాప హాలియాలో ఐదో తరగతి చదువుతోంది, బాబు రెండో తరగతి. మా తోడికోడలు కొడుకు హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ స్కూల్‌లో చదువుతాడు. పండక్కి వచ్చినప్పుడు వాడు మాట్లాడే తీరు చూసి మా పాపను కూడా అట్లాంటి బడిలోనే హాస్టల్‌లో పెట్టాలనిపించింది. వెళ్లి అడిగితే ట్యూషన్ ఫీజు 4 లక్షలు, హాస్టల్ రెండున్నర లక్షలు, అడ్మిషన్ 75 వేలు, తిరిగిచ్చే డిపాజిట్ లక్ష అన్నారు. నెలాఖరులోగా సీటు బుక్ చేసుకుంటే అడ్మిషన్‌లో 25 వేలు తగ్గిస్తారట. నా జీతంలో సగం పెట్టి, మిగతాదానికి ఎకరం అమ్ముదామనుకుంటున్నాం, 25 లక్షలు వస్తుందంటున్నారు. పాప పేరు మీద సుకన్య పొదుపు ఖాతాలో నెలకు 3 వేలు కడుతున్నాం, అది ఆపేయాలా? ఏటా ఫీజును నెలవారీ కిస్తీల్లో కట్టుకోవచ్చని కూడా చెప్పారు. పాప డాక్టర్ అవుతానంటోంది. ఆడపిల్ల కదా అని వెనక్కి తగ్గడం నాకు ఇష్టం లేదు. ఏం చేయమంటావు?"

చెల్లే, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఎకరం అమ్మకు. నెలాఖరు గడువు చూసి సీటు బుక్ చేయకు. అట్లాగని ఆ బడిని ఇప్పుడే వదిలేయమనడం లేదు, వాళ్లతో మాట్లాడాల్సింది ఇంకా ఉంది.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద బడి అకౌంట్స్ గదిలో చాలా ఏళ్లు పనిచేశాను. ఫీజు కట్టే కిటికీకి అవతలి వైపు మీరుంటారు, ఇవతలి వైపు నేనున్నాను. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం గట్టిగా మాట్లాడాలనిపిస్తుంది, ఏమీ అనుకోకు.

నువ్వు మొదటి ఏడాది ఫీజు లెక్క వేసుకున్నావు. అందరూ చేసే పని అదే. కానీ బడి ఏడేళ్లు. ట్యూషన్, హాస్టల్ కలిపి ఇవాళ ఆరున్నర లక్షలు, ఏటా పది శాతం పెరుగుతుందనుకో, పాప పన్నెండులోకి వచ్చేసరికి ఆ ఒక్క ఏడాదికే పదకొండున్నర లక్షలు అవుతుంది. ఏడేళ్లు కలిపితే దాదాపు 62 లక్షలు. అడ్మిషన్, డిపాజిట్, యూనిఫాం, ట్రిప్పులు, చివర్లో పరీక్ష ఫీజు, ఇవన్నీ దానికి పైన. నీ చేతిలో ఉన్నదేంటి? జీతంలో సగం అంటే ఏడాదికి దగ్గర దగ్గర మూడున్నర లక్షలు, ఎకరం పైసలు 25 లక్షలు. కూర్చొని ఏడాదికేడాది తీసేసుకుంటూ వెళ్లాను. పాప పదో తరగతి అయిపోయేసరికి ఎకరం పైసలు కూడా అయిపోతాయి. పదకొండో తరగతికి ఏటా పది లక్షలు కావాలి, చేతిలో మూడున్నరే ఉంటుంది. నీ జీతం పెరుగుతుంది, నిజమే, కానీ అప్పటికి బాబు కూడా ఎనిమిదో తరగతిలో ఉంటాడు కదా, వాడి కోసం ఏం మిగిలింది?

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. మీరు చూసింది ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ బోర్డు) బడి అనుకుందాం. దాని గురించి మనం చెప్పుకునే పేరంతా, బయట యూనివర్సిటీల్లో విలువ ఉండే సర్టిఫికెట్ అంతా చివరి రెండేళ్లదే. డిప్లొమా ప్రోగ్రాం అంటారు, పదకొండు, పన్నెండు తరగతులు, ఆరు సబ్జెక్టులు, ఒక పెద్ద వ్యాసం, మొత్తం 45 పాయింట్లు. దానికి ముందు ఐదేళ్లు ఆ బడిలోనే చదివి ఉండాలన్న నియమం లేదు. పదో తరగతి వేరే బోర్డులో పాసై వచ్చిన పిల్లలు కూడా అందులో చేరతారు, ఇంగ్లిషులో చదివి రాసే అలవాటు, లెక్కల్లో పట్టు ఉంటే చాలు. నీ లెక్క ప్రకారం పాప కింది ఐదేళ్లు పూర్తి ఫీజు కట్టి చదివి, సరిగ్గా ఆ డిప్లొమా గుమ్మం దగ్గరికి వచ్చి వెనక్కి తిరగాలి. ఎకరమూ పోతుంది, అమ్మాయి చివరికి ఇంటర్ కాలేజీలోనే చేరుతుంది.

అది కూడా అన్నీ సవ్యంగా జరిగితే. సాగర్ నిండక ఎడమ కాలువకు యాసంగి నీళ్లు వదలని ఏడాది ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఆ ఏడాది కూడా జూన్‌లో ఫీజు చలాన్ వస్తుంది. మా బడిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది, బాగా చదివేది. రెండేళ్లు బాగానే కట్టారు, మూడో ఏడు సగంలో ఆగిపోయారు. బాకీ తీరేదాకా టీసీ ఇవ్వొద్దని పైనుంచి నాకు చెప్పారు, నేను అట్లాగే చెప్పి ఆ తండ్రిని మూడుసార్లు వెనక్కి పంపాను. ఎనిమిదో తరగతి మధ్యలో ఆ పిల్ల రెండు నెలలు ఏ బడికీ వెళ్లలేదు. తర్వాత తెలిసింది నాకు, విద్యాహక్కు చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ప్రభుత్వ బడిలో చేరడానికి టీసీ ఆలస్యం కావడం అడ్డు కాకూడదని. ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆయనకు చెప్పేదాన్ని. ఇవాళ నీకు చెబుతున్నాను, అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

బడి మీద కోపంతో రాస్తున్నాననుకోకు. ఇట్లాంటి బడికి ప్రభుత్వ గ్రాంటు రాదు, ఫీజే దాని ఊపిరి. ఆ ఫీజులో పెద్ద భాగం టీచర్ల జీతాలు, పిల్లలు తక్కువగా ఉండే తరగతులు కాబట్టి టీచర్లు ఎక్కువ కావాలి, ఐబీకి బడి ఏటా కట్టే రుసుము, టీచర్ల శిక్షణ, కట్టడాల అప్పు. జీతాలు ఏటా పెరిగితే ఫీజూ పెరుగుతుంది, అందుకే పది శాతం అనేది భయపెట్టడానికి వేసిన అంకె కాదు. 1994లో వచ్చిన జీవో 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజులో సగం జీతాలకే పోవాలి, యాజమాన్యం లాభం 5 శాతం దాటకూడదు. కాగితం మీద ఉన్న ఆ నియమాన్ని నమ్ముకొని నువ్వు ఎకరం అమ్మలేవు కదా. ఒకటి మాత్రం గుర్తుంచుకో, రసీదు లేని డొనేషన్ ఎవరైనా అడిగితే అది చట్టం ఒప్పుకోని క్యాపిటేషన్ ఫీజు, దానికి పది రెట్ల వరకు జరిమానా ఉంది. రసీదు ఇవ్వని చోట రూపాయి కూడా పెట్టకు.

ఇంకా ఒక పని ఇవాళే చేయొచ్చు. ఐబీ వెబ్‌సైట్‌లో ఆ బడి పేరు కొట్టి చూడు. పేరులో ఇంటర్నేషనల్ అని ఉండి లోపల సీబీఎస్‌ఈనో స్టేట్ సిలబసో నడిచే బళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఐబీ జాబితాలో ఉన్నా, వరల్డ్ స్కూల్ అని ఉందా, ఇంకా క్యాండిడేట్ స్కూల్ అనే ఉందా చూడు, రెండోదైతే వాళ్లకు ఇంకా అనుమతి రానట్టు. ఏ ప్రోగ్రాంకు అనుమతి ఉందో కూడా అక్కడే ఉంటుంది, చిన్న తరగతులకు మాత్రమే ఉండి డిప్లొమాకు లేకపోవచ్చు. మాది కేంబ్రిడ్జి (ఇంకో అంతర్జాతీయ బోర్డు) అంటే ఆ బోర్డు జాబితాలో చూడు. తెలుగు ఎట్లా చెబుతారో తప్పకుండా అడుగు. 2018 చట్టంతో మన రాష్ట్రంలో ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు నేర్పాలి. అక్కడ పేరుకు చెప్పి వదిలేస్తే, రేపు పాప మన పదో తరగతికి తిరిగి వచ్చినప్పుడు తెలుగు పేపరే కొండలా కనపడుతుంది.

డాక్టర్ సంగతి. పదేళ్ల పిల్ల మాట మారొచ్చు, మారకపోవచ్చు కూడా. నీట్ రాయాలంటే పన్నెండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉండాలి. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టుల గుంపుల నుంచి ఎంచుకునే పద్ధతిలో మామూలుగా రెండు సైన్స్‌లకే వీలవుతుంది. మూడూ కావాలంటే బడి దానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. నీట్ ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల దారిలో ఉంటాయి, డిప్లొమా చదువు దారి వేరు, కాబట్టి రెండూ పక్కపక్కనే చదవాలి. చేసినవాళ్లు ఉన్నారు, తేలిక కాదు. మనసు ఇక్కడ ఎంబీబీఎస్ మీదే ఉంటే ఇంటర్ బైపీసీ దగ్గరి దారి, అది చిన్నతనమేమీ కాదు.

కిస్తీల గురించి అడిగావు. సున్నా వడ్డీ అని చెప్పే పథకంలో సాధారణంగా ఒక ఫైనాన్స్ కంపెనీ బడికి ఏడాది ఫీజు ఒకేసారి ఇచ్చేసి, నీ దగ్గర నెలనెలా తీసుకుంటుంది. అంటే నువ్వు బడికి బాకీ కాదు, అప్పు తీసుకున్నావు. పిల్లను మధ్యలో తీసేసినా కిస్తీ ఆగదు, ఒక్క నెల తప్పితే నీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అది ముందుకొస్తుంది. ఇంకోటి చూడు, ఒకేసారి కడితే ట్యూషన్‌లో 5 శాతం తగ్గిస్తామని అదే బడి చెబితే, కిస్తీల్లో కట్టినవాళ్లు 20 వేలు ఎక్కువ కట్టినట్టే, దానికి వడ్డీ అనే పేరు పెట్టలేదు అంతే. బడే మూడు నాలుగు టర్ములుగా తీసుకుంటే అది వేరే సంగతి, అది మంచిదే. వానాకాలం వడ్లు అమ్మేది నవంబర్, డిసెంబర్‌లో, యాసంగివి ఏప్రిల్, మేలో, ఆ నెలలకు టర్ములు జరపమని అడగడం తప్పు కాదు. ఇక జూన్‌లో చిట్టీ ఎత్తడం, రెండు రూపాయల వడ్డీకి తేవడం, దయచేసి ఈ రెండింటి జోలికి వెళ్లకు. జూన్‌లో అందరికీ ఫీజుల అవసరమే కాబట్టి చిట్టీ పాట ఎక్కువకు పోతుంది. 5 లక్షలు రెండు రూపాయలకు తెస్తే ఏడాదికి వడ్డీనే లక్షా 20 వేలు.

బ్యాంకు విద్యా రుణం అంటావేమో, సబ్సిడీలతో సహా ప్రభుత్వ పథకాలు దాదాపు అన్నీ ఇంటర్ తర్వాతి చదువులకే. ఆదాయపు పన్నులో ట్యూషన్ ఫీజు చూపించొచ్చు కదా అని నీ తోటి టీచర్లు చెబుతారు. పాత పద్ధతిలోనే అది కుదురుతుంది, ట్యూషన్ ఫీజుకే, హాస్టల్‌కు కాదు. పైగా 80సీ కింద వచ్చే పన్ను మినహాయింపు మొత్తం లక్షన్నరే, నీ పీఎఫ్, జీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా), సుకన్యతో అది ఇప్పటికే చాలావరకు నిండిపోయి ఉంటుంది. కొత్త పద్ధతి ఎంచుకున్నావంటే అదీ లేదు.

సుకన్య అసలు ఆపొద్దు. 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు, అంత వడ్డీ ఇంత భద్రంగా ఇంకెక్కడ వస్తుంది చెప్పు. పాపకు పద్దెనిమిదేళ్లు నిండినా, పదో తరగతి పాసైనా, పై చదువు కోసం అందులో సగం తీసుకోవచ్చు. ఆ ఖాతానే మూసేసుకుంటే మళ్లీ తెరుచుకోదు, పదేళ్లు దాటిన పిల్ల పేరు మీద కొత్త ఖాతా ఇవ్వరు.

ఇప్పుడు ఆ బడితో మాట్లాడాల్సిన సంగతి. వాళ్లకు ఫీజు సాయం ఉందా అని నువ్వు అడగలేదు, ఉత్తరంలో ఆ ముక్క లేదు. సీటు బుక్ చేశాక అడిగితే చేయడానికి వాళ్లకు ఏమీ ఉండదు, ఆ ఏడాది సాయం డబ్బు అప్పటికే పంచేసి ఉంటారు. ముందే అడగాలి. మెరిట్ స్కాలర్‌షిప్ అని పది శాతం తగ్గిస్తే అది బేరమే, 40 వేలు తగ్గినా నీ ఏడేళ్ల లెక్క మారదు. నువ్వు అడగాల్సింది కుటుంబ ఆదాయాన్ని చూసి ఇచ్చే సాయం. దానికి నీ జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్, పట్టాదారు పాస్‌బుక్, రెండు మూడేళ్ల వడ్ల అమ్మకం చీటీలు (తక్‌పట్టీలు), మీసేవలో తీసిన ఆదాయ సర్టిఫికెట్, ఉన్న అప్పుల కాగితాలు తీసుకెళ్లు. వ్యవసాయ ఆదాయానికి ఐటీ రిటర్న్ ఉండదు కాబట్టి తక్‌పట్టీలే నీ సాక్ష్యం, నీళ్లు రాని ఏడాదివి కూడా పెట్టు. అక్కడ అడగడానికి సిగ్గుపడకు. కారులో వచ్చిన వాళ్లు కూడా నా కిటికీ దగ్గర నిలబడి అడిగేవాళ్లు.

వాళ్లు సరే అంటే నాలుగు మాటలు కాగితం మీద రాయించుకో: సాయం హాస్టల్‌కు కూడా వర్తిస్తుందా, ఏటా మళ్లీ దరఖాస్తు చేయాలా, ఫీజు పెరిగినప్పుడు సాయం కూడా అదే శాతంలో పెరుగుతుందా, మార్కులు తగ్గితే ఆపేస్తారా. డిపాజిట్ ఎన్ని నెలల్లో తిరిగిస్తారో కూడా. మొత్తం ఆరున్నర లక్షల్లో కనీసం సగం మాఫీ అయ్యి, పదో తరగతి దాకా అదే శాతం ఉంటుందని రాసిస్తే అప్పుడు చేర్చు. ఆ సగం నువ్వనుకున్న సగం జీతంతో సరిపోతుంది, తర్వాతి ఏళ్లలో కొంచెం పైకి వెళ్లినా ఇంక్రిమెంట్లతో పట్టుకోవచ్చు, భూమి జోలికి వెళ్లే పని ఉండదు. సగం కంటే తక్కువైతే దండం పెట్టి వచ్చేయ్.

ఆ ఒక్క బడినే పట్టుకోకు కూడా. మహేశ్వరం వైపు ఆగా ఖాన్ అకాడమీ ఉంది, ఐబీ బడి, హాస్టల్ ఉంది, కుటుంబ స్తోమతను బట్టి ఫీజు సాయం చేస్తుంది, అక్కడ కూడా దరఖాస్తు పెట్టు. పదో తరగతి తర్వాతకైతే యునైటెడ్ వరల్డ్ కాలేజీలు ఉన్నాయి, పుణె దగ్గర ఒకటి 1997 నుంచి నడుస్తోంది, రెండేళ్ల ఐబీ డిప్లొమానే అక్కడ చదువు, ఎంపికైన పిల్లలకు ఇంటి పరిస్థితిని బట్టి స్కాలర్‌షిప్ ఇస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది. కానీ ఒక ఎస్జీటీ కూతురు అక్కడికి వెళ్లలేదని ఎవరూ అనలేరు.

ఈలోపు ఐదేళ్లు ఎక్కడ? మీకు పక్కనే కేంద్ర ప్రభుత్వం హాస్టల్‌తో నడిపే చలకుర్తి నవోదయ ఉంది, నేనైతే ముందు దాని సంగతి చూస్తాను. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఐదో తరగతి చదువుతున్న ఏడాదే, ఒక్కసారే రాయనిస్తారు. మీ పాపకు ఇదే ఆ ఏడాది. సీట్లు ఎనభై మాత్రమే, కనీసం 75 శాతం పల్లె బళ్లలో మూడు, నాలుగు, ఐదు చదివిన పిల్లలకు. పాప హాలియాలో చదువుతోంది కాబట్టి ఆ కోటా కింద వస్తుందో లేదో హెడ్మాస్టర్‌ను అడుగు, రాకపోయినా మిగతా సీట్లకు రాయొచ్చు. హాస్టల్, భోజనం, పుస్తకాలు ఉచితం, పెద్ద తరగతుల్లో మగపిల్లల దగ్గర తీసుకునే నెల రుసుము కూడా ఆడపిల్లలకు లేదు. రాకపోతే తొమ్మిదిలో మిగిలిన ఖాళీలకు ఇంకో పరీక్ష ఉంటుంది. గురుకులం చదువు అంటే మొహం చిట్లించేవాళ్లు మీ చుట్టాల్లో ఉంటే, పీవీ నరసింహారావు చొరవతో 1971లో రాష్ట్రంలో మొదటి గురుకులం పెట్టింది మన సర్వేల్‌లోనే అని చెప్పు, అక్కడి నుంచి ఎంత పెద్ద ఆఫీసర్లు వచ్చారో నల్లగొండ జిల్లాలో తెలియనివాళ్లు లేరు.

నవోదయ రాకపోయినా పాప మీ దగ్గరే ఉండి హాలియాలోనో మిర్యాలగూడలోనో చదివితే, నువ్వు ఫీజు కోసం పక్కన పెడదామనుకున్న సగం జీతంలో నెలకు 15 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయి. ఏడు శాతం అనుకుంటే ఐదేళ్లకు పదిన్నర లక్షలు దాటుతుంది. అప్పుడు పాపకు పదిహేనేళ్లు, తనకేం కావాలో తనే చెప్పగలదు, డిప్లొమా రెండేళ్లకు స్కాలర్‌షిప్‌తో పాటు ఆ పైసలు ఉంటాయి, బైపీసీ అంటే దానికీ ఉంటాయి, నాలుగెకరాలూ ఉంటాయి.

తోడికోడలు కొడుకు మాట్లాడే తీరు గురించి రాశావు కదా. అది నిన్ను ఎంత కదిలించిందో ఆ ఒక్క వాక్యంలో తెలిసింది నాకు. ఆ ధైర్యం వాడికి వచ్చింది చిన్న తరగతిలో టీచర్ రోజూ వాడిని ప్రశ్న అడిగి, జవాబు చివరిదాకా విన్నందుకు. నువ్వు టీచర్‌వి, పొద్దున్నుంచి ముప్పై మంది పిల్లలతో ఆ పనే చేస్తున్నావు. సాయంత్రం ఒక గంట, పాపకు నచ్చిన ఇంగ్లిషు పుస్తకం ఏదైనా తనే పైకి చదివి నీకు అర్థం చెప్పాలి, తప్పులు దిద్దకు, ప్రశ్నలే అడుగు. బాబును కూడా పక్కన కూర్చోబెట్టు.

నవోదయ దరఖాస్తు గడువు దాటక ముందే పాప ఆధార్, స్టడీ సర్టిఫికెట్ చూసుకో. ఆ బడి వాళ్లు సాయం గురించి ఏం రాసిచ్చినా సంతకం పెట్టే ముందు ఆ కాగితం నాకు పంపు, ఒక్కో లైను చదివి చెబుతాను.